కోడితో చెప్పుకున్న మాటలు

పొద్దున్న లేవగానే దర్జీ చేసే మొదటి పని కోడికి గోరువెచ్చటి నీళ్ళు పెట్టడం. చలి ఎముకలు కొరికేస్తోంది. పొయ్యి పక్క మూలలో గంప పెట్టి, ఊక పరిచి, గాలి తగలకుండా ఆ మూలకి అడ్డంగా దూది కూరిన తెర కుట్టి కట్టాడు. దాని వెనక నల్లకోడి గుడ్ల మీద మహారాణిలా కూర్చుంది. పొదిగినన్నాళ్ళూ అది మాట్లాడుతుంది. పిల్లలు బయటికొచ్చాక మళ్ళీ మామూలు కోడే.

"ఏమంటోంది మీ కోడి?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది, జ్వరం తగ్గిందా అని అడిగినట్టు.

"నాతో ఏమంటుంది! 'తలుపెయ్యి, గాలొస్తోంది' అంటుంది. కబుర్లన్నీ ఆయనతోనే," అంది దర్జీ భార్య మూతి తిప్పుతూ.

అదే ఆవిడ కడుపుమంట. భోజనం దగ్గర "కూర బాగుందా?" అంటే "ఊఁ" అని ఊరుకునే మనిషి, సాయంత్రం కొట్టు మూసి రాగానే తెర ముందు చతికిలబడి గుసగుసలు మొదలెడతాడు. ఈవిడ వస్తే ఠక్కున ఆపేస్తాడు. రవిక భుజం చిరిగిందని ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాంలే" అన్నవాడు, కోడికి మాత్రం తెర కుట్టిపెట్టాడు! అదీ వంకరటింకర కుట్లతో, ఎంత తొందరో! కోడితో పోటీ ఏమిటని తనను తానే తిట్టుకుంది. తిట్టుకున్నా కుళ్ళు తగ్గలేదు. మనిషి సవతైతే జుట్టయినా పట్టుకోవచ్చు.

ఆ మధ్యాహ్నం ఆవిడ సంచీ సర్దేసింది. అక్క ఉండే ఊళ్ళో హాస్టల్‌కి వంటమనిషి కావాలన్నారు. సాయంత్రం బస్సెక్కితే మళ్ళీ వచ్చేది లేదు. వెళ్ళే ముందు తెర పక్కకు లాగి లోపలికి వెళ్ళింది.

"ఇక నువ్వే ఏలుకో ఆయన్ని," అంది.

కోడి తల పక్కకి వాల్చి చూసింది. "ఏలుకుంటాలే. ముందు నాలుగు గింజలు తినొస్తాను. అందాకా గుడ్ల మీద చేతులు పెట్టు. చల్లారితే లోపలివి చచ్చిపోతాయి."

"నేనెందుకు పెట్టాలి?" అంటూనే కూర్చుంది. కోపం కోడి మీద గానీ, గుడ్లేం చేశాయి?

కోడి తెర కింద నుంచి దూరి పెరట్లోకి పోయింది. ఎంత పిలిచినా "వస్తున్నా, వస్తున్నా" అంటుందే గానీ రాదు. వీధి చివర బస్సు హారన్ కొట్టింది, కాసేపు ఆగింది, వెళ్ళిపోయింది. ఆవిడ చేతులు తీయలేక, కోపం పట్టలేక ఏడ్చేసింది.

అంతలో తలుపు చప్పుడైంది. దర్జీ వచ్చి తెర ముందు కూలబడ్డాడు.

"వింటున్నావా? ఈరోజు పెళ్ళికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. వాడు నవ్వేశాడు కాబట్టి బతికిపోయాను. సరిచేస్తానని ఇంటికి తెచ్చాను. గుడ్డ మీద సుద్దగీతే కనపడట్లేదు, ఏం సరిచేస్తాను? మా ఆవిడతో ఎలా చెప్పను? గుడ్డివాడితో ఏం వేగుతుంది, వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోతుంది."

తెర వెనక ఆవిడ అంతా వింది. ఇన్నాళ్ళూ ఈ మాటలు కోడికి దక్కాయి, తనకు దక్కలేదు. జాలికంటే ముందు కుళ్ళే పుట్టింది.

"ఏం, మాట్లాడవేం?" అన్నాడు.

"ఇటు రండి," అంది ఆవిడ. "గుడ్ల మీద చేతులు మీరు పెట్టండి. ఆ కోటు ఇటివ్వండి, కుట్లు విప్పుతాను. రేపట్నుంచి ఏదున్నా ముందు నాకు చెప్పండి. దానికి తర్వాత."