అట్ట మీది కీబోర్డు

ఏడో నంబరు కాలేజీ బస్సులోంచి చివరి పిల్ల దిగేసరికి తొమ్మిదీ పది. మోషే ఇంజన్ ఆపి, చెమట తుడుచుకుని, సీటు వెనక నుంచి అట్టముక్క తీశాడు. ఇంజనాయిలు డబ్బాలొచ్చిన పెట్టెను కోసి చేసిన అట్ట. స్టీరింగు మీద పెడితే పీట వేసినట్టు కూర్చుంటుంది. దాని నిండా నల్ల స్కెచ్‌పెన్నుతో గీసిన గడులు, గడికో ఇంగ్లీషు అక్షరం. తన సెల్‌ఫోనులో కనిపించే కీబోర్డును గడి తప్పకుండా చూసి పెద్దగా గీసుకున్నాడు. ఎడమ చేతివైపు కింది మూలన ‘ఒకటి రెండు మూడు’ అని రాసిన గడి. ఫోనులో దాన్ని నొక్కితేనే బ్రాకెట్లూ కామాలూ బయటికొస్తాయి. రెండేళ్లుగా బొటనవేలు ఎక్కువసార్లు పడింది దాని మీదే.

చేవెళ్ల నుంచి మొయినాబాద్, మొయినాబాద్ నుంచి చేవెళ్ల. పద్దెనిమిదేళ్లుగా మోషే బతుకే తిరిగిందే తిరిగే ఒక లూపు. లూపులోంచి బయటపడాలంటే ‘బ్రేక్’ అని రాయాలని ఫోనులో ప్రోగ్రామింగు నేర్పే వీడియోలో విన్ననాడు ఖాళీ బస్సులో ఒక్కడే పగలబడి నవ్వాడు. బ్రేకు సంగతి డ్రైవరుకు చెప్పాలా! గేర్లు మార్చిన చెయ్యి కెరీరు మార్చలేదా అనుకున్నాడు. పదో తరగతి దాటని మనిషి, బస్సుల స్టాండులో కూర్చునే పాఠం మొత్తం అండర్‌స్టాండు చేసుకున్నాడు. బైబిలు మోషే జనాన్ని వాగ్దాన దేశం పొలిమేర దాకా తోలుకొచ్చి, తాను మాత్రం అడుగు పెట్టలేదు. ఈ మోషే పిల్లల్ని కంప్యూటర్ ల్యాబు మెట్ల దాకా తోలుకొచ్చి, తాను మెట్టెక్కలేదు. ఇవాళ ఎక్కాలి.

ఎందుకంటే ఒకటో తారీఖు నుంచి కాలేజీ బస్సులన్నీ కాంట్రాక్టరు చేతికి పోతున్నాయి. ఆయన డ్రైవర్లు ఆయనకున్నారు. ఇవాళ శనివారం, సాయంత్రంతో మోషేకు ఆఖరి ట్రిప్పు. కాలేజీలో ఖాళీ ఉన్నది ఒక్కటే నౌకరీ, ల్యాబు అటెండరు. పదకొండింటికి పరీక్ష. అరగంటలో ఒక చిన్న ప్రోగ్రాం రాయాలి. పాత స్టాఫు కూడా రాయొచ్చన్నారు.

పక్క బస్సు డ్రైవరు శంకరయ్య కిటికీలో తల పెట్టాడు.

“ఏందే, హార్మోనియం వాయిస్తున్నవా? సప్పుడైతే వస్తలేదు.”

“నవ్వన్నా, నవ్వు. పొద్దుమీకేసరికి నువ్వే నన్ను సారంటవ్.”

“అంటతియ్యి, నాదేం పోయింది. నేనైతే చందనవెల్లి కంపెనీ బస్సుకు మాట్లాడుకున్న. ఇంకొక్క జాగ ఉన్నదట. నీ పేరు చెప్పాల్నా? గిప్పుడే చెప్పాలె.”

మోషే అట్టను చేత్తో తుడిచాడు.

“వద్దన్నా. నాకిది వస్తది.”

ల్యాబు చల్లగా ఉంది. చెప్పులు బయట విడిచాక కాళ్లకు నేల మంచులా తగిలింది. మోషేతో కలిపి ఎనిమిది మంది రాయడానికొచ్చారు, మిగతా ఏడుగురిదీ అతని వయసులో సగం. ప్రశ్న చూడగానే అతనికి గుండె కుదుటపడింది. ఒకటి నుంచి వంద దాకా, మూడుతో భాగిస్తే తెగే సంఖ్యలన్నీ చూపించాలి. ఇన్నూరుసార్లు చేసిన లెక్క. ముందు కాగితం మీద పెన్నుతో ఆరు నిమిషాల్లో రాసేశాడు. తర్వాత కీబోర్డు మీద వేళ్లు పెట్టాడు. అక్షరాలన్నీ అట్ట మీద ఉన్నచోటే ఉన్నాయి. ‘ఫర్’ వచ్చింది. ‘రేంజ్’ వచ్చింది. ఇక బ్రాకెట్.

బొటనవేలు కింది మూలకు పోయింది. అక్కడ వేరే ఏదో మీట ఉంది. నొక్కితే ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. వరుస వరుసా వెతికాడు. గోడ గడియారం పదకొండూ పదిహేను చూపించింది.

పక్క కుర్చీలో ఉన్న సింధుజ అనే అమ్మాయి వైపు వంగాడు. “బిడ్డా, ఒకటి రెండు మూడు ఏడున్నది?”

“పైన వరుసల అంకుల్. ఇగో ఒకటి, ఇగో రెండు, ఇగో మూడు.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మోషే మళ్లీ అడగలేదు. ఆ పై వరుసలోనే, తొమ్మిది నెత్తిన, బ్రాకెట్ బొమ్మ కనిపించింది. ఫోనులో పెద్దక్షరం కావాలంటే బాణం గుర్తు నొక్కి వదిలేసి, ఆ తర్వాత అక్షరం నొక్కుతారు. ఇక్కడా అట్లాగే అదే బాణం గుర్తున్న షిఫ్ట్ మీట నొక్కాడు, వదిలాడు, తొమ్మిది నొక్కాడు. తొమ్మిదే వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ తొమ్మిదే. పట్టుకుని ఉంచాలని చెప్పడానికి అట్టకు నోరు లేదు.

టైమైపోయింది. ల్యాబు ఇంచార్జి జితేందర్ సారు తెర మీది తొమ్మిదుల వరుసను చూసి, పక్కనున్న కాగితం చేతికి తీసుకున్నాడు. చదివాడు. కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చదివాడు.

“మోషే, ఇదంత కరెక్టే ఉన్నది కదనే!”

“మీట దొరకలే సార్.”

“ఎన్నడన్న కంప్యూటర్ మీద చేసినవా?”

“లే సార్. ఫోన్ల నేర్సుకున్న.”

“ఒక్కనాడొచ్చి అడిగితే పది నిమిషాలల్ల చూపిస్తుంటి కదా.”

“పిల్లలకే అని బోర్డున్నది కద సార్ బయట. మమ్మల్నెవరు రానిస్తరు?”

సారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తిరిగి అతని చేతిలోనే పెట్టాడు. “పరీక్ష సిస్టం మీదనే మోషే. కాగితం లెక్కకు రాదు.”

మధ్యాహ్నం మోషే సద్ది డబ్బా మూత తీయలేదు. శంకరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అన్నా, ఆ చందనవెల్లి జాగ...”

“నువ్వు వద్దంటివి కదా అని పొద్దున్నే ఫోన్ల చెప్పేసిన. ఇంకొకన్ని పెట్టుకున్నరట.”

సాయంత్రం బస్సు చేవెళ్ల దారి పట్టింది. ఎండ సూటిగా కళ్లలో కొడుతోంది. ఎండకు అడ్డంపెట్టే రేకు ఊడి ఏడాదయింది. ఇన్నాళ్లూ కళ్లు చికిలించుకునే తోలాడు. ఎండకు సిరా వెలుస్తుందని అట్టను సీటు వెనకే దాచుకున్నాడు మరి. ఇవాళ దాన్ని తీసి అద్దానికీ పై పట్టీకీ మధ్య దోపాడు. నీడ పడింది. పిల్లలు ఒక్కొక్కరే దిగిపోయారు, చెవుల్లో పాటలు, చూపులు ఫోన్లలో. ఇది అతని ఆఖరి ట్రిప్పని వాళ్లకెవరూ చెప్పలేదు.

చేవెళ్లలో కాంట్రాక్టరు మనిషి జైపాల్ తాళంచెవి కోసం కాచుకొని ఉన్నాడు. మోషే తువ్వాలు, నీళ్ల సీసా, బరువు తగ్గని సద్ది డబ్బా తీసుకుని దిగాడు. రెండో గేరు గట్టిగా పడుతుందని, మెల్లగా వేయమని చెప్పాడు.

“అన్నా, గీ అట్ట నీదేనా?”

“ఉండనియ్. నీకు ఎండ తగలది.”

అతను వెనక్కి చూడకుండా రోడ్డు దాటాడు. బస్సు అద్దంలో అట్ట అట్లాగే ఉంది, గడులు రోడ్డుకేసి తిప్పుకుని. అక్షరాలన్నీ నల్లగా, నిక్కచ్చిగా ఉన్నాయి. కింది మూల గడిలో మాత్రం సిరా అరిగి, ఒక బొటనవేలు పట్టేంత మేర అట్ట తెల్లబడి ఉంది.