పెట్టెలో పెరిగిన టోపీలు

నాందేడ్ రైల్వే క్వార్టర్లలో నర్సవ్వ ఇంట్లో అంగీ లేని వస్తువు లేదు. ఫ్రిజ్ పిడికి అంగీ, మిక్సీకి అంగీ, టీవీ రిమోట్‌కి అంగీ. గ్యాస్ సిలిండర్‌కైతే ఏకంగా పచ్చ అంచున్న ఎర్ర లంగా. బండ తెచ్చే మనిషి దాన్ని విప్పేటప్పుడు మర్యాదగా మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆదివారం పూట ఒకేచోట ఎక్కువసేపు కూర్చోవాలంటే నర్సవ్వ కొడుకు జగదీశ్వర్‌కు లోలోపల భయమే, తనకూ ఏదో ఒకటి తొడుగుతుందని.

మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, గిన్నెలు బోర్లించి, ఆమె గడపలో కూర్చునేది. ఒళ్లో ఊలు ఉండ, చేతిలో క్రోషా సూది, కళ్లు మాత్రం వీధిలో. ఆరు గొలుసు కుట్లు వేసి, కలిపి గుండ్రం చేసి, అందులో పన్నెండు ఖాంబాలు నిలబెట్టేది. ఖాంబం అంటే నిలువు కుట్టు. పక్కింటి లీలాబాయి నేర్పిన మరాఠీ మాట.

"కొలత తీస్కోవా?" అని క్వార్టర్లకు కొత్తగా వచ్చినవాళ్లే అడిగేవారు. పాతవాళ్లకు తెలుసు. నర్సవ్వ ఎవరిని మనసులో పెట్టుకుని అల్లితే అది వాళ్ల కొలతకే వచ్చేది. వాళ్లు పెరిగితే అదీ పెరిగేది. లీలాబాయి స్వెటర్ ఏటా గణపతి పండగ వెళ్లాక ఒక వేలు వెడల్పయ్యేది. మోదకాలు ముట్టలేదని ఆమె ఎంత బుకాయించినా స్వెటర్ సాక్ష్యం చెప్పేది. మనిషి పోతే, ఆ మనిషిది కుట్టు కుట్టుగా విడిపోయి మళ్లీ ఉండైపోయేది. నర్సవ్వ భర్త మల్లేశం రైలు పట్టాలు చూడబోయి గుండె ఆగి పడిపోయిన పొద్దున, ఇంటికి కబురు రాకముందే, కొయ్యకు వేలాడుతున్న అతని మఫ్లర్ ఉండై నేల మీద దొర్లింది. దాన్ని చూసి నర్సవ్వ పొయ్యి ఆర్పేసి, గడపలో కూర్చుని, కబురు తెచ్చేవాళ్ల కోసం ఎదురుచూసింది.

ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. ఊలు అన్నాక అంతే. ఒక్క రోహిణి పెట్టె దగ్గరే అందరూ కాస్త గొంతు తగ్గించేవారు.

రోహిణి నర్సవ్వ కోడలు. భోకర్ పిల్ల. వచ్చి ఎనిమిదేళ్లు. కడుపు నిలిచిందని తెలిసిన ప్రతిసారీ నర్సవ్వ ఒక పసిటోపీ అల్లింది. పసుపుది మొదటిది; ఆ బిడ్డ ఐదో నెలలో కడుపులోనే పోయాడు. నీలంది రెండోది, నెలలు నిండి పుట్టాడు, కాని ఏడవలేదు. గులాబీది మూడోది, అంచు పూర్తయ్యేలోపే అంతా అయిపోయింది.

టోపీలు మాత్రం విడిపోలేదు. అదే వచ్చిన చిక్కు. విడిపోకపోగా, రేకు పెట్టెలో, కలరా ఉండల వాసనలో, ఏడాదికింత పెరుగుతూ వచ్చాయి.

కార్తీకం వెళ్లాక ఊలు బట్టలన్నీ నులకమంచం మీద ఎండకు వేయడం ఆ ఇంటి రివాజు. ఈసారి కూడా లీలాబాయి వచ్చి కూర్చుంది. పసుపు టోపీలో పిడికిలి దూర్చి చూసింది.

"అగ బాయి! పెద్దోడు మస్తు పెరిగిండు. ఒచ్చే జూన్‌ల బడికి, పహిలీ తరగతికి పోతడు."

"నడిపోన్ని చూడు," అంది నర్సవ్వ. "తలకాయంత వాళ్ల తాత లెక్కనే. మొత్తం ఎనకకే ఉన్నది."

రోహిణి ఏమీ అనలేదు. గులాబీ టోపీకి అంటుకున్న దూదిపింజను గిల్లి పారేసింది.

నర్సవ్వకు ఆ మౌనం పడదు. కొత్తలో ఆమె ఒకటంటే కోడలు రెండనేది. "నా కోడలు రొట్టె చేసిందంటే మహారాష్ట్ర నక్షా దిగుతది," అని నర్సవ్వ అంటే, "నక్షల నాందేడ్ యాడుందో ఏలు పెట్టి చూపెట్టు అత్తమ్మా, గా ముక్క నీకే పెడ్త," అని రోహిణి అనేది. క్వార్టర్లకంతటికీ అది ఉచిత వినోదం. మూడో టోపీ తర్వాత రోహిణి జవాబులు మానేసింది. నర్సవ్వ అంటూనే ఉంది కాని, గోడకు బంతి కొడితే తిరిగి రానట్టు, ఆమెకు తిట్టడంలో రుచి పోయింది.

లీలాబాయి వెళ్లాక రోహిణి నోరు విప్పింది.

"గురువారం దవాఖానకు పోతున్న, అత్తమ్మా. కాపర్-టీ తీయించుకుంట."

నర్సవ్వ చేతిలో దుప్పటి అట్లాగే ఆగింది. "డాక్టరమ్మ ఏమన్నదో మర్సినవా?"

"మర్వలే. మల్ల కడుపైతే తల్లి బతుకుతదని నేను చెప్పలేనన్నది. ఆమె ఈ టోపీలు చూడలే." రోహిణి మూడింటినీ ఒళ్లోకి తీసుకుంది. "పోయినోళ్లయి ఇడిపోతయి గద. మామది ఇడిపోయింది. మరి ఇయ్యి ఎందుకు పెరుగుతున్నయ్? వాళ్లు యాడనో ఉన్నరు అత్తమ్మా. వాళ్లకు తొవ్వ దొర్కుతలేదు. ఆ తొవ్వ నేనే గద."

రాత్రి నర్సవ్వ జగదీశ్వర్‌ను అడిగితే, పళ్లెంలోకి చూస్తూ, "దాని ఇష్టం," అన్నాడు. అన్నం కలిపాడు, కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

"నాలుగోది అల్లు, అత్తమ్మా," అంది రోహిణి. "చిన్నది. ఈసారి తెల్లది. అది చూసుకునే పోత."

సోమవారం నర్సవ్వ మొదలుపెట్టింది. ఆరు గొలుసులు, పన్నెండు ఖాంబాలు. సాయంత్రానికి తయారైంది చూస్తే పసిబిడ్డది కాదు, పెద్ద మనిషిది.

"చెయ్యి జారినట్టుంది," అంది నర్సవ్వ.

రోహిణి కొస పట్టుకుని లాగింది. టోపీ సరసరా విడిపోయింది. "మల్ల అల్లు."

మంగళవారం సన్న సూది తీసింది. నాలుగే గొలుసులు, ఎనిమిదే ఖాంబాలు. చివరికి మళ్లీ అంతే సైజు. "కండ్లు కనవడ్తలేవే," అని గొణిగింది. మూడు ఇళ్ల అవతల ఎవరింట్లో ఏం కూరో గడపలోంచే చెప్పగలిగే కళ్లు అవి. రోహిణి మళ్లీ లాగేసింది.

బుధవారం కోడలు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ప్రతి కుట్టూ లెక్కపెట్టింది. మధ్యాహ్నానికి టోపీ సరిగ్గా నిమ్మకాయ పట్టేంత అయింది. తరువాత నారింజ పట్టేంత. ఇంక ఒక్క వరుస అంచు వేస్తే చాలు. రోహిణి మొహంలో, రెండేళ్లకు, నవ్వులాంటిది ఒకటి వచ్చింది. నర్సవ్వ చివరి కుట్టు లాగిందో లేదో, నూనెలో పూరీ పొంగినట్టు టోపీ ఇద్దరి మధ్యా పెద్దదై విచ్చుకుంది.

"ఎవరికి అల్లుతున్నవు నువ్వు?" రోహిణి గొంతు పైకి లేచింది. "నిజం జెప్పు, ఎవరికి?"

"నీ బిడ్డకే."

"అబద్ధం!"

నర్సవ్వ టోపీ తీసి కోడలి తలకు తొడిగింది. నుదుటి మీద ఎక్కడుండాలో అక్కడే ఆగింది. వెనక కొప్పు బయటికి రావడానికి సరిగ్గా అంత సందు ఉంది. ఎడమ చెవి మీద మాత్రం అల్లిక రెండు పొరలుగా ఉంది. చలికాలం వస్తే రోహిణికి ఆ చెవి పోటు. ఆ సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు, దిండుకు ఒత్తుకుని పడుకునేది, అంతే. రోహిణి చెయ్యి దానంతటదే ఆ చెవి మీదికి పోయింది.

"నేనేం జెయ్యాలె, పోరీ," అంది నర్సవ్వ. "గుండ్రం జేస్తుంటె నీ మొకమే మెదుల్తది. పుట్టనోని మీద మనసు నిలుపుదమంటె నిలుస్తలేదు. ఉండ నేల మీద దొర్లుడు నేను ఒక్కపారి చూసిన. ఈ తెల్లది గిట్ల దొర్లితె నేను చూడలేను. నన్ను ఎన్నన్న అను. నువ్వు ఏమన్నా అనక రెండేండ్లాయె."

రోహిణి టోపీ తీయలేదు. అలాగే గిన్నెలు తోమింది, అలాగే పడుకుంది.

గురువారం జగదీశ్వర్ సెలవు పెట్టి బండి బయటికి తీశాడు. స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాడు. రోహిణి తెల్లటోపీతోనే వాకిట్లోకి వచ్చింది. బండెక్కలేదు. సీటు మీద చెయ్యేసి నిలబడింది.

"డ్యూటీకి పో," అంది.

"మరి..."

"పో అంటున్న గద."

అతను మొహం అటు తిప్పుకుని, హెల్మెట్ పెట్టుకుని, వెళ్లిపోయాడు. ఆమె లోపలికి వచ్చి పెట్టె ముందు కూర్చుంది. మూత తీసింది.

లోపల మూడు ఉండలు ఉన్నాయి. పసుపుది, నీలంది, గులాబీది. ఊళ్లోని వజీరాబాద్ దుకాణంలో కొన్నప్పుడు ఎంతున్నాయో అంతే. పెరిగిన ఊలంతా ఎటు పోయిందో అత్త అడగలేదు, కోడలు అడగలేదు.

"పోయిండ్రు, అత్తమ్మా."

"పోయిండ్రు, బిడ్డా."

రోహిణి మూడింటినీ ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. మూడు చావులకు విడివిడిగా ఏడవాల్సింది ఒక్కసారే ఏడ్చింది. నర్సవ్వ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. లీలాబాయి తొంగిచూసి, ఉండలు చూసి, వెనక్కి పోయి, రొట్టెలు, శనగపిండి పిఠ్లా పళ్లెంలో పెట్టి గడపలో ఉంచి వెళ్లింది.

పొద్దు వాలేదాకా ఆ పళ్లెం అలాగే ఉంది. అప్పుడు రోహిణి ఒక రొట్టె తీసి, తుంచకుండా, వెలుతురుకు పట్టి చూసింది. కళ్లు వాచి సగమే తెరుచుకుంటున్నాయి.

"లీలా కాకుది నీ రొట్టె కన్న గుండ్రంగుంది, అత్తమ్మా," అంది.

క్వార్టర్లలోకెల్లా పెద్ద నోరున్న నర్సవ్వకు ఒక్క మాట కూడా దొరకలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కోడలి తలవైపే చూస్తూ కూర్చుంది. తెల్లటోపీలో ఒక్క కుట్టూ కదల్లేదు.