రాతి అడుగు వేడి

సిక్స్‌టెన్ నలభై ఏళ్లు కట్టెలు కొట్టి ఇంటిని వెచ్చగా ఉంచాడు. అతని తుంటి విరిగాక ఆ పూచీ భార్య ఇంగెయర్డ్ నెత్తిన వేసుకుంది. పుట్టింటివాళ్లిచ్చిన అడవి ముక్క అమ్మి, పెరట్లో నూట ఎనభై మీటర్ల లోతుకు రాయి తొలిపించి, భూమిలోని వేడిని తోడే యంత్రం పెట్టించింది. లక్షా డెబ్బై వేల క్రోనార్లయింది. అంత సొమ్ము నేలలో పోయడానికి గుండె కావాలి, ఆవిడకు ఉంది.

సిక్స్‌టెన్ ఒకటే షరతు పెట్టాడు. జనవరి చలికి ఇల్లు వెచ్చగా లేకపోతే, దాన్ని అమ్మేసి ఊస్టర్‌సుండ్ పట్నంలో ఫ్లాటుకు పోవాలి.

జనవరి వచ్చింది. బయట మైనస్ ముప్పై డిగ్రీలు. పడగ్గదిలో పద్నాలుగు దాటలేదు.

"కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు," అన్నాడు సిక్స్‌టెన్, దాల్చినచెక్క బన్ను కాఫీలో ముంచుకుంటూ. "నీకు ఎలుక కూడా దొరకలేదు. బ్రోకరుకు చెప్పా, ఎల్లుండి ఇల్లు చూడ్డానికి వస్తాడు."

ఇంగెయర్డ్‌కు ఏడుపొచ్చింది. అయినా లేచి యంత్రం దగ్గరికి వెళ్లింది. ఇంత చలిలోనూ అది చప్పుడు చేయకుండా ఊరుకుంది. గదులన్నీ చల్లగా ఉన్నాయి, హాలు మాత్రం మండిపోతోంది. కట్టెల పొయ్యి పక్క గోడ మీద, ఇంటి వేడి ఎంతో యంత్రానికి చెప్పే తెల్లని డబ్బా ఇరవయ్యారు చూపిస్తోంది. వేసవిలో బిగించినప్పుడు పొయ్యి సంగతి ఎవరికీ తట్టలేదు.

"మిగిలిన కట్టెలతో ఈ పొయ్యి రోజూ వెలిగిస్తున్నావా?"

"వెలిగించనా మరి? పొయ్యి రాజేయకుండా కాఫీ తాగేవాడు మనిషేనా?"

"దాని సెగ తగిలి, ఇల్లంతా కాగిపోతోందనుకుని యంత్రం పడుకుంటోంది. ఇంటిని చల్లబెడుతున్నది నువ్వే ముసలోడా. ఒక్కరోజు ఊరుకో, తర్వాత నీ ఇష్టం."

అగ్గిపెట్టె తీసి తన జేబులో వేసుకుంది. సిక్స్‌టెన్ కర్ర పొడుచుకుంటూ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. సాయంత్రానికి యంత్రం పని అందుకుంది. పొద్దున లేచేసరికి పడగ్గదిలో ఇరవయ్యొకటి. సిక్స్‌టెన్ స్వెటర్ విప్పేసి మంచం అంచున కూర్చున్నాడు. ఇంగెయర్డ్‌కు ఇంత గర్వం పెళ్లినాడు కూడా కలగలేదు.

"నాలుగు పాళ్ల వేడిలో ఒక పాలికే కరెంటు బిల్లు," అంది. "మిగతాది రాయి ఊరికే ఇస్తుంది. పన్నెండేళ్లలో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది."

"అప్పటికి మనకి ఎనభై మూడు."

"అయితే ఏం?"

సిక్స్‌టెన్ ఫోన్ తీసుకున్నాడు. రేపు రావద్దని, ఇల్లు అమ్మడం లేదని, బతికినన్నాళ్లూ ఇక్కడే ఉంటామని బ్రోకరుతో తనే చెప్పాడు.