జీపు దాటాక

తెనాలిలో డెయిరీ గేటు ముందు పాల క్యాన్లు దించుతుండగా రామాంజి జేబులో ఫోను మోగి ఆగింది. తీసి చూశాడు. చలానా. పెనుమూడి నుంచి రేపల్లె వచ్చే దారిలో, నలభై దాటకూడని చోట, అతని వ్యాను యాభై ఆరులో వెళ్ళిందట. ఫొటో కూడా పంపారు. ఆ ఫొటోలో వ్యానుకి ముందూ వెనకా మినప చేలు తప్ప మనిషన్నవాడు లేడు.

"మళ్ళీనా అన్నా?" అన్నాడు పక్క వ్యాను డ్రైవరు బర్నబాస్.

"మళ్ళీనే. నిన్నగాక మొన్నే ఒకటి కట్టాను. అక్కడ కొంగల్ని గుద్దేస్తానని భయమేమో వీళ్ళకి!" అంటూ రామాంజి క్యాను మూతని పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు.

ఇలాంటి దృశ్యం చూస్తే మనం నవ్వుకుని వెళ్ళిపోతాం. డ్రైవరన్నాక వేగం, వేగమన్నాక ఫైను, ఇందులో వింతేముంది అనుకుంటాం. పొద్దున్నే కాఫీలోకి పాల ప్యాకెట్టు రాకపోతే మాత్రం గుమ్మంలో నిలబడి ఆ డ్రైవరునే తిట్టుకుంటాం. మన కాఫీ వేళకీ అతని ఫైనుకీ ఏదైనా సంబంధం ఉందేమోనని ఒక్క రోజైనా ఆలోచించామా?

రామాంజి స్వస్థలం చీరాల. తండ్రి కోటిలింగం నేతపని చేసేవాడు. మరమగ్గాలు వచ్చి ఆ మగ్గం మూలపడ్డాక, కొడుకు స్టీరింగు నేర్చుకుని రేపల్లె చేరాడు. అక్కడ శివరామయ్య గారి పాల వ్యాను నడుపుతున్నాడు. శివరామయ్య గారు తాతల నాటి మాగాణిని కౌలుకిచ్చి, ఇప్పుడు వ్యాన్లు తిప్పుతున్న పెద్దమనిషి. తెల్లవారుజామున పెనుమూడిలో మొదలై, కృష్ణ ఒడ్డు ఊళ్ళు తిరిగి, రేపల్లె దాటి, నగరం అనే ఊరి వైపు పల్లెల్లో కూడా పాలు ఎక్కించుకుని వ్యాను తెనాలి చేరాలి. ఎండెక్కితే పాలు పులుస్తాయి. పులిసిన క్యాన్ని డెయిరీవాళ్ళు గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. ఆ నష్టం రామాంజి జీతంలోంచి పోతుంది. అలా కాకూడదని త్వరగా వెళితే చలానా పడుతుంది. అదీ అతని జీతంలోంచే పోతుంది.

"ఇదేంటండి, బండి మీది. ఫైను నాదా?" అని ఒకసారి అడిగాడు కూడా.

"బండి నాదేనయ్యా. తొక్కిన కాలు నీది గదా!" అన్నారు శివరామయ్య గారు, తాపీగా వక్కపొడి నములుతూ. అన్న వారంలోనే మరో రెండు ఊళ్ళని ట్రిప్పులో కలిపారు. డెయిరీ గేటు మూసే వేళ మాత్రం మారలేదు.

రామాంజికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి చెప్పుల్ని ఒకటి అటూ ఒకటి ఇటూ విసిరేశాడు. భార్య సాయి సుధ అతన్ని చల్లబరచాలని చూడలేదు.

"అరిస్తే ఏమొస్తుందయ్యా? అసలు ఆ నలభై బోర్డు ఎక్కడుందో చూసిరా. ఉంటే నోరు మూసుకుని కడదాం. లేకపోతే పోయి అడుగుదాం" అంది.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి చూశాడు. బోర్డు ఉంది. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ వెనక ఉంది. ఎవరో చోటా నాయకుడు చేతులు జోడించి పళ్ళన్నీ చూపిస్తున్నాడు. ఆయన చెవి పక్కనుంచి నలభైలోని సున్నా ఒక్కటీ తొంగి చూస్తోంది. పోనీ ఆ బోర్డయినా ఇప్పటిదా? కల్వర్టు పని జరిగేటప్పుడు పెట్టింది. పని పూర్తయి, కల్వర్టు గోడ మీద సిమెంటు నల్లబడింది కూడా. బోర్డు తీసే నాథుడే లేడు.

రామాంజి ఫొటోలు తీసుకుని, ఎవరికి చెప్పుకోవాలో కనుక్కుని, బాపట్ల వెళ్ళాడు. బల్ల ముందు చాలాసేపు నిలబెట్టాక అక్కడి పోలీసు అధికారి తలెత్తాడు.

"సార్, ఆ బోర్డు ఎవరికీ కనపడదండి. అక్కడ పని కూడా ఎప్పుడో అయిపోయిందండి."

"తియ్యమని మాకు ఆర్డరొచ్చిందా? రాలేదు గదా. వచ్చేదాకా నలభయ్యే."

"పోనీ ఒక్క మాట సార్. నగరం దారిలో బడి ముందు పిల్లలు రోడ్డు దాటుతుంటారు. లారీలు రయ్యిన పోతుంటాయి. అక్కడ ఫొటోలు తీసే మీ జీపు ఒక్కనాడూ చూళ్ళేదండి."

అధికారి నవ్వాడు. "అక్కడ నీడ లేదయ్యా. మావాళ్ళు మాత్రం ఎండలో ఎంతసేపని నిలబడతారు?"

చూశారా! పిల్లలు దాటే చోట నీడ లేదు కాబట్టి చట్టం లేదు. మనిషే లేని పొలాల మధ్య చెట్టుంది కాబట్టి అక్కడ చట్టం కుర్చీ వేసుకుని కూర్చుంది. తిరుగు బస్సులో రామాంజి దారిపొడవునా పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. అతని కోపం న్యాయమైనదే. ఆ మాట గట్టిగానే చెబుతున్నాను. కానీ ఆ కోపం ఎటు తిరిగిందో కూడా చెప్పాలి.

ఆ సాయంత్రమే పాల వ్యాన్లవాళ్ళనీ చేపల ఆటోలవాళ్ళనీ కలిపి ఫోనులో ఒక గ్రూపు పెట్టాడు. జీపు ఎవరి కంటపడితే వాళ్ళు వెంటనే మిగతావాళ్ళకి చెప్పాలి. జీపు ముందు అందరూ పెళ్ళినడక నడవాలి. జీపు దాటాక, పోయిన నిమిషాలన్నీ వేగం పెంచి లాగెయ్యాలి. వారం తిరిగేసరికి చలానాలు ఆగిపోయాయి. "మా అన్న బుర్రే బుర్ర!" అని బర్నబాస్ టీకొట్టు దగ్గర అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. రామాంజి కూడా చాలా కాలానికి నవ్వాడు.

జీపు ఉండేది పొలాల మధ్య. అది దాటాక వచ్చేవి ఊళ్ళు. అంటే ఖాళీ రోడ్డు మీద తగ్గిన వేగమంతా ఇళ్ళ మధ్యకి, బడి ముందుకి వచ్చి పడింది. ఈ సంగతి డ్రైవర్లలో ఒక్కరికీ తట్టలేదు. తట్టినవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళూ నోరు మెదపలేదు.

నగరం దారిలో ఆ బడి ఉన్న ఊళ్ళోనే సామ్రాజ్యమ్మ ఉంటుంది. భర్త పోయాక రెండు గేదెల్ని నమ్ముకుని బతుకుతున్న మనిషి. పాలవ్యాను ఆగేది రోడ్డుకి ఒక పక్క, ఆమె ఇల్లు అవతలి పక్క. ఇదివరకైతే రామాంజి బండి ఆపి హారన్ కొట్టి కూర్చునేవాడు. ఆమె అటూ ఇటూ చూసుకుంటూ, మోకాళ్ళని తిట్టుకుంటూ నెమ్మదిగా వచ్చేది. అతనే దిగి క్యాను అందుకునేవాడు. ఇప్పుడు ఆ తీరిక లేదు. ఊరి మొదట్లోనే హారన్ కొడతాడు. బండి ఆగేసరికి క్యాను రోడ్డు పక్కన ఉంటే ఎక్కిస్తాడు, లేకపోతే పోతాడు. ఒకరోజు ఆమె దూడని కట్టేసి వచ్చేలోపు వెళ్ళిపోయాడు. ఆ పూట పాలన్నీ ఆమెకే మిగిలిపోయాయి.

"ఏంటి నాయనా, నన్నొదిలేసి పోయావు?" అని మర్నాడు అడిగింది.

"టైమ్ లేదత్తా. హారన్ వినపడగానే వచ్చెయ్యాలి మరి!" అన్నాడు రామాంజి, బండి దిగకుండానే.

అప్పట్నుంచి ఆ ఊళ్ళో పాలు పోసేవాళ్ళంతా హారన్ వినగానే పరుగు మొదలుపెట్టారు.

ఒక ఉదయం జీపు పెనుమూడి దారిలోనే ఉందని గ్రూపులో మాట వచ్చింది. రామాంజి దాని ముందునుంచి వినయంగా, నత్తలా వెళ్ళాడు. రేపల్లె దాటుతుండగా శివరామయ్య గారి ఫోను. "ఎక్కడ తగలడ్డావయ్యా? నిన్న రెండు క్యాన్లు తిప్పి పంపారు. ఇవాళ కూడా తిప్పి పంపితే బండి తాళాలు ఇచ్చేసి పో." రామాంజి ఫోను పక్కకి విసిరి కాలు నొక్కాడు. బడి ఉన్న ఊరు వచ్చినా ఆ కాలు లేవలేదు. మలుపులో హారన్ కొట్టాడు. అవతలి పక్కనుంచి సామ్రాజ్యమ్మ రెండు చేతులా క్యాను పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చింది.

బ్రేకు వేశాడు. వెనక ఉన్న నిండు క్యాన్లన్నీ ఒక్కసారిగా ముందుకి దొర్లాయి. ఆ బరువుకి వ్యాను అడ్డం తిరిగింది. దాని వెనక భాగం ఆమెను కొట్టి రోడ్డవతల పడేసింది.

రామాంజి ఆమెను తనే ఎత్తి వ్యానులో పడుకోబెట్టి తెనాలి తీసుకెళ్ళాడు. డెయిరీ గేటు ముందునుంచే వెళ్ళాడు గానీ అటు చూడలేదు. తొడ ఎముక విరిగిందనీ, ఆపరేషన్ చేసినా ఇకమీదట కర్ర లేకుండా నడవలేకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు.

మర్నాడు శివరామయ్య గారు ఆసుపత్రి వరండాలోకి వచ్చి అతన్ని పక్కకి పిలిచారు.

"స్టేషన్లో ఒకటే మాట చెప్పు. ఆవిడే పరిగెత్తుకుంటూ అడ్డం వచ్చింది. ఊళ్ళో అందరూ చూశారు, అబద్ధం కూడా కాదు. నీ లైసెన్సు నిలబడుతుంది. బండీ నీదే."

"మరి ఆవిడకి రావాల్సిన ఇన్సూరెన్సు ఉంటది గదండి?"

"తప్పు ఆవిడదైతే ఏం రాదు. నేను చూస్తాలే, పండో ఫలమో."

రామాంజి ఆలోచనలో పడ్డాడు. ఇంట్లో సాయి సుధ ఉంది, పొయ్యి వెలగాలి, తనకి తెలిసిన పని ఇదొక్కటే. లైసెన్సు పోతే ఏం తిని బతకాలి? ఆ ఆలోచనతోనే సామ్రాజ్యమ్మ మంచం దగ్గరకి వెళ్ళాడు. ఆమె కళ్ళు తెరిచి ఉంది.

"గేదెలకి మేతేశారా నాయనా?" అంది.

ఆ ఒక్క మాటకి రామాంజి కరిగిపోయాడు. చలానాల సంగతీ, ఫ్లెక్సీ వెనక బోర్డు సంగతీ, బాపట్లలో నవ్విన అధికారి సంగతీ, జీతంలో కోతల సంగతీ ఏడుస్తూ చెప్పుకున్నాడు. ఆమె అంతా విన్నది. విన్నకొద్దీ ఆమె మొహం బిగుసుకుంది.

"నీకు ఫైనేశారని బాపట్ల దాకా పోయి అడిగొచ్చావు. మంచిదే, అడగాల్సిందే. నాకు కాలు విరిచారు. నేనెక్కడికి పోయి అడగాలి నాయనా? అడగాలన్నా నడిచే పోవాలి గదా!"

రామాంజి కళ్ళు తుడుచుకున్నాడు. అక్కణ్ణుంచి నేరుగా స్టేషనుకి వెళ్ళాడు. శివరామయ్య గారు అప్పటికే ఎస్సై ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఎంత స్పీడులో ఉన్నావు?" అడిగాడు ఎస్సై.

శివరామయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"డెబ్బై పైనే ఉంటుందండి. ఆవిడ పరిగెత్తిన మాట నిజమే. ఆ పరుగు నేర్పింది నేనే. ఆగకుండా వదిలేసి పోయి నేర్పానండి. రాసుకోండి."

రాస్తున్న కానిస్టేబులు కలం ఆపాడు. రామాంజి గొంతు పెరిగింది.

"చేరలేనన్ని ఊళ్ళు ట్రిప్పులో పెట్టి, ఆలస్యమైనా నా జీతమే, చలానా పడినా నా జీతమే కోసింది మా ఓనరు గారు. అదీ రాయండి. ఎప్పటిదో బోర్డు అడ్డం పెట్టుకుని పొలాల్లో ఫొటోలు తీసే మీవాళ్ళు ఈ బడి ముందు ఒక్కరోజు నిలబడలేదు. అదీ రాయండి."

"ఏయ్! కేసుకి సంబంధం లేనివన్నీ ఎందుకు?" గద్దించాడు ఎస్సై.

"ఎందుకు లేదండి? ఆ కాలు విరగ్గొట్టింది మనమందరం కలిసేనండి! ముందు నా పేరు రాయండి. తర్వాత మిగతావి రాయండి. అన్నీ రాయకపోతే నేను సంతకం పెట్టను."

ఎస్సై చూపు తిప్పుకుని, "రాయి" అన్నాడు కానిస్టేబులుతో. శివరామయ్య గారు విసురుగా లేచి, "రేపట్నుంచి నా గుమ్మం తొక్కకు" అనేసి వెళ్ళిపోయారు.

బయట డ్రైవర్లంతా గుమిగూడి ఉన్నారు. బర్నబాస్ ముందుకొచ్చాడు. "చలానాలు వేసి వేసి నిన్ను ఈ గతికి తెచ్చారన్నా! ధర్నాకి కూర్చుందాం. నువ్వే మాట్లాడాలి."

"కూర్చుందాం తమ్ముడూ. ఆ పనికిరాని బోర్డు పీకెయ్యమందాం. బడి ముందు మనిషిని పెట్టమందాం. ఓనర్ల కోతలు ఆపమందాం. నన్ను జైల్లో పెట్టకపోతే నేనూ వస్తాను. కానీ ఆ గ్రూపు మాత్రం ఈ క్షణమే తీసేస్తున్నా."

"అదేంటన్నా, మనల్ని కాపాడింది అదే గదా?" అన్నాడు బర్నబాస్, నమ్మలేనట్టు.

"మనల్నే కాపాడింది!" అని అరిచాడు రామాంజి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతులో కోపం మాత్రం తగ్గలేదు. "మనకి కోపమొచ్చింది జీపులో కూర్చున్నవాడి మీద. వాడి ముందేమో ఒద్దికగా పోయాం. వాణ్ణి దాటాక ఆ కోపమంతా తీసుకెళ్ళి రోడ్డు దాటే ముసలమ్మ మీద తీర్చుకున్నాం. అన్యాయం చేసినవాణ్ణి నిలబెట్టి అడగాలిరా! అడగలేక, ఆ కసిని దారినపోయే అమాయకుల మీద తీర్చుకునేవాడు వట్టి పిరికివాడు."