ప్లగ్గు మీదికి తోసిన నేరం

కరెంటాయన వీధిలో నడిచి వెళ్తుంటే కాలిపోయిన బల్బులు కూడా ఓసారి మినుక్కుమనేవట. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, ఆయనే చెప్పుకున్నది. నలభై ఏళ్ళు మోటారు బండ్లకు వైరింగు చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. పని మానేశాడు గానీ కోతలు మానలేదు.

ఆయన బావ, అంటే అక్క మొగుడు, దర్జీ. మాట నెమ్మది, చెయ్యి ఇంకా నెమ్మది. కుట్టుమిషను మూలన పెట్టిన ఏడాదే, జీపు వెనక తగిలించి లాక్కెళ్ళే క్యాంపర్ ఒకటి కొన్నాడు. రెండు పడకలు, ఒక పొయ్యి, చంకలో పట్టేంత ఫ్రిజ్జు, అన్నీ అగ్గిపెట్టెలో సర్దినట్టు ఉంటాయి. మొగుడూ పెళ్ళాం ఇద్దరే రెండు నెలలు రోడ్డు పట్టుకుని తిరిగి రావాలని ఆయన కోరిక.

అడ్డం ఒకటే. అక్కకు నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉంటుంది. ముక్కుకు గొట్టం తగిలించే చిన్న మిషను ఒకటి రాత్రంతా ఆడాలి. క్యాంపర్‌లో అది బ్యాటరీ మీద ఆడుతుంది. వాడిన బ్యాటరీ మర్నాడు మళ్ళీ నిండాలంటే, జీపు నడుస్తున్నంతసేపూ జీపు కరెంటుతోనే దాన్ని నింపే ఛార్జరు కావాలి. బావ షాపుకెళ్ళి ఛార్జరు తెచ్చాడు. బిగించడం బావమరిది వంతు.

"సూదిలో దారం ఎక్కించినట్టు కాదు బావా ఇది. నువ్వలా నీడలో కూర్చుని చూస్తూ ఉండు, చాలు," అన్నాడు కరెంటాయన.

"కూర్చుంటాలేరా. గుండీలు కుట్టాల్సొస్తే పిలువు," అన్నాడు బావ.

పని మాత్రం ముచ్చటగా సాగింది. జీపు బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాడు. వేలెడు లావు కేబులు బండి పొట్ట కిందుగా లాగి, ఎక్కడా వేలాడకుండా క్లిప్పులు వేశాడు. జీపుకీ క్యాంపర్‌కీ మధ్య ఊడదీసి తగిలించుకునే పెద్ద ప్లగ్గు పెట్టాడు. ఛార్జరును పడక కింద బిగించాడు. ఇక మిగిలింది ఎర్తు, అంటే కరెంటు తిరిగి వెనక్కి వెళ్ళే దారి. జీపువైపు తీగ ఒకటి, పడక కిందికి పోయే తీగ ఒకటి, రెండింటినీ క్యాంపర్ కింద ఇనుప చట్రానికి బోల్టులతో బిగించాలి. ఆ చట్రానికి బావ వారం క్రితమే నిగనిగలాడే నీలం రంగు వేసి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటివాళ్ళు ఇద్దరు చోద్యం చూడ్డానికి వచ్చి నిలబడ్డారు. వినేవాళ్ళు దొరికితే కరెంటాయన నోరు ఊరుకుంటుందా? ఒకప్పుడు షెడ్డు మీద పిడుగు పడితే తాను దాన్ని ఖాళీ బ్యాటరీలోకి మళ్ళించి మూత బిగించేశాననీ, దాంతో వారం రోజులు సినిమా హాలు నడిచిందనీ బండి కింద పడుకునే అందుకున్నాడు. "హీరో మొహం కాస్త తెల్లగా కనబడిందంతే, పిడుగు కదా!" అంటూ నట్టు ఆఖరి తిప్పు తిప్పాడు. మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు చూపించింది. చేతులు దులుపుకుని లేచాడు.

మర్నాడు బావా అక్కా జీపులో నాలుగు గంటలు తిరిగి, ఏటి ఒడ్డున క్యాంపర్ ఆపుకుని పడుకున్నారు. తెల్లారకముందే మిషను ఆగిపోయింది. అక్క తెల్లారేదాకా దిండుకు చేరగిలబడి కూర్చుని, పొద్దున్నే ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికి వచ్చింది.

కరెంటాయన జీపు స్టార్టు చేసి చూశాడు. ఛార్జరు మీద పచ్చ లైటు ఒక్క క్షణం వెలిగి, ఆ వెంటనే ఎర్రగా కొట్టుకోవడం మొదలెట్టింది. మీటరేమో ఏ లోపమూ లేదనే అంటోంది.

"చచ్చు సరుకు అంటగట్టారు బావా నీకు," అని తేల్చేశాడు. "నీ మొహం చూడగానే వాడికి తెలిసిపోయుంటుంది, కత్తెర తప్ప ఇంకేం తెలీదని. గట్టిగా అడుగు, మెత్తగా ఉండకు."

జన్మలో ఎవరినీ గట్టిగా అడిగి ఎరగని బావ షాపుకెళ్ళి, పదిమందీ చూస్తుండగా, "దొంగసరుకు అమ్ముతావా?" అని అరిచి ఇంకో ఛార్జరు మార్చి తెచ్చాడు. అదీ ఎర్రగానే కొట్టుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం కరెంటాయన ఒక్కడే క్యాంపర్ కింద దూరాడు. ప్లగ్గు చూశాడు, ఫ్యూజులు చూశాడు, బాగానే ఉన్నాయి. చివరికి జీపువైపు ఎర్తు బోల్టు దగ్గరికొచ్చి టార్చి వేశాడు. తీగ కొస కింద నిగనిగలాడుతూ నీలం రంగు. రంగు గీకలేదు. రంగులోంచి కరెంటు పోదు. బోల్టు మరల్లోంచి ఏ కాస్తో పోతుంది. మీటరును మోసం చెయ్యడానికి ఆ కాస్త చాలు. ఛార్జరు కరెంటును గట్టిగా లాగేసరికి ఆ దారి చాలదు.

రంగు గీకకుండా ఎర్తు బిగించినందుకే తన షెడ్డులో పనివాణ్ణి ఒకణ్ణి మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యనివ్వకుండా ఇంటికి తోలేశాడు ఒకప్పుడు. చుట్టుపక్కల ఎవరూ లేరు, అయినా చెవులు వేడెక్కిపోయాయి. పిడుగు కథ గుర్తొచ్చింది. నట్టు విప్పి, రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, మళ్ళీ బిగించాడు. జీపు స్టార్టు చేశాడు. పచ్చ లైటు వెలిగి అలాగే నిలిచింది.

"వెలిగిందిరోయ్!" ఇంట్లోంచి బావ చిన్నపిల్లాడిలా పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశావురా?"

అప్పుడు నిజం చెప్పేస్తే సరిపోయేది. నోరు వింటేగా.

"ప్లగ్గు సగమే దిగింది బావా. నువ్వు సరిగ్గా నెట్టలేదు."

బావ మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. "నేనా? నెట్టాననే అనుకున్నానే," అని తన బొటనవేలు వంక చూసుకున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ అక్క విననే వింది. "చూశావురా తమ్ముడూ! ప్లగ్గు నెట్టడం చేతకాని మనిషి నన్ను రెండు నెలలు తిప్పుతాడట. నడిరోడ్డు మీద నా ఊపిరి ఆగితే దర్జీ టేపుతో కొలుస్తారా ఏమండీ? నేను రాను. అంతే."

బావ జీపు వెనక గొంతుకూర్చుని ఆ ప్లగ్గు ఊడదీసి నెట్టడం, మళ్ళీ ఊడదీసి నెట్టడం మొదలుపెట్టాడు. నెట్టిన ప్రతిసారీ చెవి దగ్గరపెట్టి టక్కుమందో లేదో వింటున్నాడు. అరగంట గడిచింది. కరెంటాయన అరుగు మీద కూర్చుని టీ గ్లాసు పట్టుకుని అదే చూస్తున్నాడు. ఇంతలో అక్క క్యాంపర్‌లోకి వెళ్ళి తన దిండు తెచ్చి ఇంట్లో పెట్టింది. మళ్ళీ వెళ్ళి దుప్పటి తెచ్చింది. మూడోసారి మిషను చంకన పెట్టుకుని వస్తుంటే ఆయన లేచి అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, అది అక్కడే ఉంచు."

"ఎందుకురా?"

కరెంటాయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"ప్లగ్గు బాగానే ఉంది. మొదట్నించీ బాగానే ఉంది. బావ నెట్టడం కూడా బాగానే ఉంది. నేను కింద రంగు గీకకుండా ఎర్తు బిగించాను. కోతలు కోస్తూ బిగించాను." అరచెయ్యి చాపాడు. చెమటకు అంటుకుని నీలం రంగు పెచ్చులు ఇంకా అక్కడే ఉన్నాయి. "ఇందాక గీకాను. అందుకే వెలిగింది."

టక్కుటక్కుమనే చప్పుడు ఆగిపోయింది. బావ ప్లగ్గు చేత్తో పట్టుకునే తల తిప్పాడు.

"మరి నా పేరెందుకు చెప్పావురా?"

"నీ మీదికి తోస్తే నువ్వు ఊరుకుంటావని, బావా."

తిడితే బాగుండుననుకున్నాడు కరెంటాయన. బావ తిట్టలేదు. ప్లగ్గు కింద పెట్టి, "ఆ షాపాయన్ని పదిమందిలో దొంగన్నాను," అన్నాడు.

"రేపు నేను వెళ్ళి చెప్పొస్తాను."

"ఇద్దరం వెళ్దాం. నువ్వు నీది చెప్పు. అన్నది మాత్రం నేనే కదా, నాది నేను చెప్పుకుంటాను."

అక్క మిషనును చంటిపిల్లలా ఎత్తుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. వీడు కింద ఇంకేం కోతలు బిగించాడో ఎవరికి తెలుసు? దారిలో ఊడితే వీడేమన్నా వెనకాల పరుగెత్తుకొస్తాడా?"

"నేను చూసుకుంటాను," అన్నాడు బావ. లేచి చొక్కా విప్పి అరుగు మీద పెట్టి, బావమరిది వైపు చెయ్యి చాపాడు. "ఆ పానా ఇటివ్వు."

నలభై ఏళ్ళలో ఇంకొకరి చేతికివ్వని పానాను కరెంటాయన ఇచ్చాడు. బావ క్యాంపర్ కింద వెల్లకిలా పడుకున్నాడు. ఈయన పక్కనే పడుకుని టార్చి పట్టుకున్నాడు. పక్కింటివాళ్ళు మళ్ళీ వచ్చి నిలబడ్డారు. వాళ్ళ చెప్పులు కనబడుతున్నాయి గానీ, ఈసారి వాళ్ళకు చెప్పడానికి ఆయన దగ్గర ఏ కథా లేదు.

"కింద మీ ఆయన ఉన్నారేంటండీ?" అని చెప్పుల్లోంచి ఒక గొంతు అడిగింది.

"మా తమ్ముడు బిగించినవి మా ఆయన చూసుకుంటున్నారు," అంది అక్క.

కరెంటాయన టార్చిని బోల్టుకు ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

బావ బోల్టు మీద బోల్టు చూసుకుంటూ వచ్చాడు. ప్రతిదానికీ వేలు పెట్టి నెమ్మదిగా అడుగుతున్నాడు. "ఇది?"

"ఫ్యూజుది. ఇందాక చూశాను, గట్టిగానే ఉంది."

"ఇది?"

"క్లిప్పు. కేబులు వేలాడకుండా."

"పడక కిందికి పోయే ఈ తీగ? దీని కింద గీకావా?"

గీకాననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ బోల్టు బిగించేటప్పటికి పిడుగు కథ మొదలైందో లేదో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. పైన చెప్పులు కదలకుండా వింటున్నాయి.

"ఏమో బావా, తెలీదు," అన్నాడు కరెంటాయన. "విప్పి చూడు."