సొరుగు చూడాలి

మా లైబ్రరీలో నన్ను వెనకాల ‘అచ్చుతప్పు అత్తగారు’ అంటారని నాకు తెలుసు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఇరవై ఏడేళ్లుగా పుస్తకాల జాబితా రాస్తున్నాను. ఎవరైనా ఒక్క అంకె తప్పు రాస్తే, కోడలు గాజు గ్లాసు పగలగొట్టినట్టు చూస్తానట. చూస్తాను, అందులో తప్పేముంది? అంకె తప్పితే ఆ పుస్తకం ఉన్నా లేనట్టే.

విశ్వవిద్యాలయం మా పాత పుస్తకాలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని తలపెట్టింది. దానికి డిజిటల్ లైబ్రరీ అని పేరు పెట్టి, ఒక ప్రోగ్రామర్ ఉద్యోగం మంజూరు చేసింది. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. ఎంపికకు ముగ్గురం కూర్చున్నాం: ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్ గారు, కంప్యూటర్ విభాగం నుంచి వచ్చిన సారు, లైబ్రరీ తరఫున నేను.

పరీక్ష తయారుచేసింది నేనే. కింది అంతస్తు సొరుగుల్లో పుస్తకానికొకటి చొప్పున ఉన్న పాత టైపు కార్డుల్లోంచి ఒక వంద తీసి స్కాన్ చేయించాను. వాటిని ప్రోగ్రాముతో చదివించి పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం పట్టికలో నింపాలి. కార్డు పూర్తిగా సరిపోతే ఒక మార్కు, లేకపోతే సున్నా. సరిచూసుకునే సమాధానాల పట్టికా నాదే.

వడపోయగా ఇద్దరు మిగిలారు. ఒకతను నిన్నగాక మొన్న చదువు ముగించిన కుర్రవాడు. చురుకైనవాడు, మర్యాదస్తుడు, అడిగినదానికల్లా టకటకా చెప్పాడు. రెండో ఆమెకు వచ్చే నెల నలభై నిండుతాయి. ఈ ఉద్యోగానికి వయసు హద్దు నలభై. అంటే ఇది తప్పితే ఆమె ఇలాంటి దరఖాస్తు మళ్లీ పెట్టలేదు. ఆ సంగతి ఆమె ముఖంలోనే ఉంది. కుర్చీ అంచున కూర్చుంది, మంచినీళ్లిస్తే ముట్టుకోలేదు.

“ఐదేళ్లు ఖాళీగా ఉన్నారేమండీ?” అని కంప్యూటర్ సారు అడిగాడు.

“ఖాళీగా లేను సార్. మా నాన్నకి పక్షవాతం వచ్చి మాట పోయింది. ఆయన్ని చూసుకున్నాను. ఇప్పుడు పక్కింటి అక్క పగలు ఆయన దగ్గర ఉంటానంది, అందుకే వచ్చాను.”

“మాట లేకపోతే ఆయనకేం కావాలో ఎలా తెలిసేది? ఊహించేవారా?”

“మొదట్లో ఊహించేదాన్ని సార్. దాహమేమో అని నీళ్లు పట్టేదాన్ని, చలేమో అని దుప్పటి కప్పేదాన్ని. అది కాకపోతే ఆయన ఏడ్చేవారు. తర్వాత ఊహించడం మానేశాను. అడుగుతాను. అవునంటే వేలితో ఒకసారి తడతారు, కాదంటే రెండుసార్లు.”

ఆ మాటలకు నా మనసు కాస్త మెత్తబడింది. పరీక్ష మొదలయ్యాక మళ్లీ గట్టిపడింది. గంట గడిచేసరికి ఆమె లేచి నా దగ్గరకొచ్చింది.

“మేడమ్, కొన్ని స్కాన్లలో సంవత్సరం మీద ముద్ర పడి నల్లగా ఉంది. అసలు కార్డులు ఒకసారి చూడొచ్చా?”

“పరీక్షలో సొరుగులు చూపించరమ్మా. ఉన్నదాంతో చెయ్యి.”

కుర్రవాడు అరగంట ముందే ముగించి వందా నింపాడు. తొంభై ఏడు మార్కులు. ఆమెకు ఎనభై ఎనిమిది. నింపినవన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ పన్నెండు కార్డులకు సంవత్సరం గడిలో అంకె లేదు. పన్నెండింట్లోనూ ఒకే మాట: ‘సొరుగు చూడాలి’.

నాకు ఒళ్లు మండింది. వద్దన్నందుకు పన్నెండుసార్లు దెప్పినట్టనిపించింది. ప్రొఫెసర్ గారు కుర్రవాడి పేరు రాయడానికి కలం తీశారు. “ఒక్క పది నిమిషాలాగండి” అని నేను మెట్లు దిగాను. ఆ పన్నెండు కార్డులూ తెచ్చి, ముద్ర పడినా పనితెలిసినవాళ్లు సంవత్సరం ఎలా పట్టుకుంటారో ఆమెకు చూపించాలి. నా ఉద్దేశం అదే. ఇందులో కాస్తంత మంచితనం కూడా లేదు.

సొరుగు లాగి మొదటి కార్డు కిటికీ వైపు వంచాను. టైపు మిషన్ అక్షరాలు అట్టలోకి దిగి ఉంటాయి. పైన ఎంత సిరా పడినా, వెలుతురుకు ఏటవాలుగా పెడితే అంకె గుంటలు కనిపిస్తాయి. కనిపించాయి. నా పట్టికలో ఉన్న అంకె అది కాదు. రెండోదీ కాదు. మూడోది సరిపోయింది. పన్నెండూ చూసేసరికి తొమ్మిది తప్పులు తేలాయి.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. పట్టిక తయారుచేసేటప్పుడు కింది అంతస్తుకు దిగడానికి మోకాళ్లు నొప్పని, స్కాన్లు చూసే రాశాను. సంవత్సరం కనిపించని చోట, ఒకే వరుసలోని సంపుటాలు కదా అని ముందు కార్డులో ఉన్న సంవత్సరమే వేసేశాను. కుర్రవాడి ప్రోగ్రామూ అదే చేసింది. అతని ఊహ నా ఊహతో సరిపోయింది, నేను మార్కు వేశాను. తెలియదని రాసినామెకు సున్నా వేశాను.

స్టూలు మీద కూలబడ్డాను. సొరుగు మూసేస్తే ఎవరికీ తెలియదు. నిజం చెప్తున్నాను, ఒక చెయ్యి మూయబోయింది కూడా. ఇన్నేళ్లూ ఎంతమందిని ఒక్కొక్క అంకె కోసం నిలబెట్టి కడిగానో గుర్తొచ్చింది. ఈ కబురు బయటికి పొక్కితే ఎంత నవ్వుకుంటారో కూడా తెలుసు. అయినా కుర్చీ అంచున కూర్చున్న ఆ మనిషి కళ్లముందునుంచి కదలలేదు. పన్నెండు కార్డులూ పట్టుకుని మెట్లెక్కాను.

“సమాధానాల పట్టికలో తొమ్మిది తప్పులున్నాయి. నావే” అన్నాను.

కంప్యూటర్ సారు కార్డులు ఒక్కొక్కటే కిటికీకి పెట్టి చూసి, లెక్క మళ్లీ కట్టాడు. కుర్రవాడికి తొమ్మిది తగ్గాయి. ఇద్దరూ ఎనభై ఎనిమిది దగ్గర ఆగారు.

“సమానమైతే వేగం చూడాలి కదా. అబ్బాయి అరగంట ముందు ముగించాడు” అన్నాడు సారు.

“సార్, ఆ తొమ్మిదీ నేనే పట్టుకోలేకపోయాను. వందలో తొమ్మిది. మన దగ్గర రెండు లక్షల కార్డులున్నాయి. తప్పు అంకె కూడా ఒప్పు అంకెలాగే కూర్చుంటుంది, రేపు ఎక్కడని వెతుకుతాం? ఆవిడ ఎక్కడ చూడాలో రాసిపెట్టింది. నేను తిన్నగా ఆ సొరుగు దగ్గరికే వెళ్లగలిగాను.”

సారు గడ్డం గోక్కుని, “అదీ నిజమేలెండి” అన్నాడు.

ప్రొఫెసర్ గారు ఆమె పేరు రాసి, నా వైపు ఇబ్బందిగా చూశారు. “మార్కులు ఎందుకు మారాయో రికార్డులో రాయాలండీ. మీ పేరుతో.”

“ఇటివ్వండి, నేనే రాస్తాను. మీరు రాస్తే తప్పులుంటాయి.”

ముగ్గురం నవ్వాం. తొమ్మిది అంకెలూ ఒక్కొక్కటే రాసి, కింద సంతకం పెట్టాను.

కుర్రవాడికి ప్రొఫెసర్ గారే దగ్గర కూర్చోబెట్టుకుని విషయం చెప్పారు. అతను ఆ కార్డులు అడిగి తీసుకుని, వెలుతురుకు పెట్టి చూస్తూ ఉండిపోయాడు. మంచిపిల్లాడు, ఇంకోచోట ఉద్యోగం తప్పకుండా వస్తుంది.

ఆమె పఠనమందిరంలో మూల బల్ల దగ్గర, సంచి ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

“మేడమ్, ఖాళీలు వదిలినందుకు...”

“ఉద్యోగం నీదేనమ్మా.”

ఆమె కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ తీసి, గోడ మీద నేనే అంటించిన ‘ఇక్కడ ఫోన్ మాట్లాడరాదు’ కాగితం చూసి, బయటికి వెళ్లబోయింది.

“ఇక్కడే చెయ్యి. గది ఖాళీగానే ఉంది, నన్నెవరూ ఏమీ అనరు.”

“అక్కా, ఫోన్ నాన్న చేతి దగ్గర పెట్టు” అంది ఆమె, ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కి. “నాన్నా, నాకు ఉద్యోగం వచ్చింది.”

అవతల ఏ శబ్దమూ లేదు. సంతోషించే ఉంటాడు, ఏ తండ్రయినా సంతోషిస్తాడు కదా అని నేను అనుకున్నాను. ఆమె అనుకోలేదు. ఫోన్ మీదికి వంగి అడిగింది.

“సంతోషమేనా నాన్నా?”

టక్ అని ఒకసారి వినిపించింది. ఒక క్షణం ఆగింది. తర్వాత ఆయన ఆగకుండా తడుతూనే ఉన్నాడు.

“చాలు నాన్నా, ఒక్కసారి చాలు” అంటూ ఆమె ఏడుస్తూ నవ్వింది. నేను వెళ్లి గది తలుపు దగ్గరగా వేశాను.