సెనేటర్ గదిలో ఎర్ర హెల్మెట్లు

హోటలు హాల్లో బల్ల మీద వరసగా పేర్చిన ఎర్ర హెల్మెట్లను చూడగానే ఆర్లీన్‌కు ఒళ్లు మండిపోయింది. కొత్తవి, ఒక్క గీత కూడా పడనివి, ముందు వైపు గనుల యజమానుల సంఘం ముద్ర. ఈ ఆలోచన ఎవరి బుర్రలో పుట్టిందో గాని, ఆ మహానుభావుడు జన్మలో గనిలోకి దిగి ఉండడు.

వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో ఎర్ర హెల్మెట్ పెట్టుకునేది పనికి కొత్తగా చేరినవాళ్లు. వాళ్లను ఒంటరిగా వదలకూడదు. అనుభవమున్న మనిషి కంటికి కనబడుతూ, కేకకు అందే దూరంలోనే మసలాలి. కొన్ని నెలలు అలా గడిచాకే నల్లది ఇస్తారు. ఆర్లీన్ నల్లది పెట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది.

"చూశావా బాబాయ్? మళ్లీ చంటిపిల్లల్ని చేసేశారు మనల్ని," అంది పక్కనున్న హోబర్ట్‌తో.

ఆమె ఎర్ర హెల్మెట్‌తో బిక్కుబిక్కుమంటూ గనిలో అడుగుపెట్టిన రోజుల్లో వెన్నంటి కాచుకున్నది ఆ హోబర్టే. ఇప్పుడు అరవై దాటాడు.

"పెట్టుకోవే తల్లీ. ఒక్క పూటకి తలకాయేం ఊడిపోదు," అన్నాడాయన, ఇంటి నుంచి తెచ్చుకున్న, లోపల మాంసం ముక్కలు పెట్టి కాల్చిన పెపరోనీ రొట్టె కొరుకుతూ. హోటలువాళ్లు పెట్టిన పళ్ల ముక్కలు ఆయన దృష్టిలో తిండే కాదు. "వసంతం దాకా నెట్టుకొస్తే నా పెన్షన్ నా చేతికొస్తుంది. అందాకా నోటికి తాళం. నువ్వూ వేసుకో."

ఇంతలో ప్రెస్టన్ వచ్చాడు. సంఘం తరఫున వాషింగ్టన్‌లో సెనేటర్ల చుట్టూ తిరగడమే అతని ఉద్యోగం. మాటలతో కోటలు కట్టగలడు.

"ఆర్లీన్ గారూ, మీ సొంత హెల్మెట్ బ్యాగులోనే ఉండనివ్వండి. ఆ గీతలూ, స్టిక్కర్లూ ఫొటోలో బాగుండవు. మాట గుర్తుందిగా? ఈ నిబంధన ఇప్పుడే అమలైతే మా గని మూతపడుతుంది, రెండేళ్లు ఆపండి. అంతే. అంతకు మించి ఒక్క ముక్క వద్దు."

గనిలో మనిషి పీల్చే రాతిధూళిని సగానికి తగ్గించి తీరాలన్నది ఆ నిబంధన. దాన్ని ఆపించడానికే సంఘం బస్సు పెట్టి వీళ్లను వాషింగ్టన్‌కు రప్పించింది. ఆడమనిషి ఉంటే ఫొటోకు నిండుగా ఉంటుందని ఆర్లీన్‌ను ఎంచింది గని మేనేజరు. వెళ్లనంటే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

ఆమె జీతం మీదే తమ్ముడు ఎల్డన్ బతుకుతున్నాడు. వాడికి నలభై నిండలేదు. ఆమెలాగే గని పైకప్పు కూలకుండా మెషిన్‌తో బోల్టులు బిగించేవాడు. రాయిని తొలిచినప్పుడల్లా లేచిన ధూళి వాడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. పడుకుంటే ఊపిరాడదని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కుర్చీలోనే నిద్రపోతాడు. ఆమె బయల్దేరుతుంటే వాడు చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, వాళ్లు చెప్పమన్నదే చెప్పెయ్. నీ ఉద్యోగం పోతే నాకు దిక్కెవరే?"

సరేనని మాటిచ్చి వచ్చింది పిచ్చిది.

అందరూ ఎర్ర హెల్మెట్లు పెట్టుకుని సెనేటర్ ఆఫీసు గదిలో కూర్చున్నాక, ఆయన నవ్వుతూ వచ్చాడు. మా తాతా గనిలోనే పనిచేశాడంటూ అందరి చేతులూ ఊపాడు. వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా అదే పాట పాడతాడు కాబోలు. తీరా తల ఎత్తి ఆ హెల్మెట్లు చూసి కనుబొమలు ముడిచాడు.

"అదేంటి, అందరూ కొత్తవాళ్లేనా?"

ప్రెస్టన్‌కు అర్థమైతే కదా! "అవును సార్, కొత్త తరం! మన పరిశ్రమ భవిష్యత్తు!" అన్నాడు హుషారుగా. తెల్ల గడ్డం హోబర్ట్ ముడుచుకుని కూర్చున్నాడు. ప్రెస్టన్ ఆగలేదు. "ధూళీ, దగ్గూ ఇవన్నీ పాతకాలం కబుర్లు సార్. ఈ తరంలో ఆ జబ్బే లేదు. చెప్పండి, ఆర్లీన్ గారూ."

జబ్బే లేదట! ఆర్లీన్ లేచి నిలబడింది. ఎర్ర హెల్మెట్ తీసి ప్రెస్టన్ ముందు టక్కున పెట్టింది.

"సెనేటర్ గారూ, మాలో కొత్తవాళ్లెవరూ లేరు. అదిగో, ఆ హోబర్ట్ బాబాయ్ ఈయన పుట్టకముందే గనిలో దిగాడు. ఇక్కడ కొత్తవాడు ఈయనొక్కడే. ఇది ఈయన నెత్తినే ఉండాలి."

"ఆర్లీన్ గారూ, సెనేటర్ గారికి టైము..."

"ఆగవయ్యా! చెప్పమన్నావుగా, చెప్తున్నా." ఆమె సెనేటర్ వైపు తిరిగింది. "ఆ జబ్బు నా తమ్ముడికుంది. రెండేళ్లు ఆపమంటున్నారు వీళ్లు. మీకది ఒక వాయిదా. వాడికి అన్నాళ్లు లేవని డాక్టరు చెప్పేశాడు. వాడు పట్టిన మెషినే నేనూ పడుతున్నా, రేపు ఇంకొకడు పడతాడు. నిబంధన ఆపకండి. ఆ ధూళిని ఆపండి."

 సెనేటర్ మెల్లిగా అడిగాడు.

"మీ తమ్ముడి పేరేంటమ్మా?"

"ఎల్డన్."

ఆయన తలూపాడు. మాటైతే ఏమీ ఇవ్వలేదు. ఫొటోకు కూడా నిలబడలేదు.

వరండాలోకి వచ్చేసరికి ప్రెస్టన్ మొహం మాడిపోయి ఉంది.

"మీ మేనేజరుకి ఫోన్ చేశాను. ఇక గనికి రానక్కర్లేదన్నారు. బస్సులోనూ మీకు చోటు లేదు."

"ఉంచుకో నీ బస్సు. నడిచైనా పోతా."

బ్యాగులోంచి తన నల్ల హెల్మెట్ తీసి పెట్టుకుని బయటికి నడిచింది. భయం వేసింది. ఎల్డన్‌కు ఏ మొహంతో చెప్పాలి?  అయినా వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

వెనక రొప్పుతూ ఎవరో వస్తున్న చప్పుడు. హోబర్ట్. ఎర్ర హెల్మెట్ ఇంకా నెత్తిమీదే ఉంది.

"బస్సు అటు, బాబాయ్!"

"హోబర్ట్ గారూ, మీరు వచ్చెయ్యండి!" అని అరిచాడు ప్రెస్టన్ దూరం నుంచి.

హోబర్ట్ వెనుదిరిగి తన నెత్తి చూపించాడు. "కుదరదు బాబూ! నువ్వేగా ఇది పెట్టావ్? ఎర్ర హెల్మెట్ వాడు సీనియర్ని వదిలి పోకూడదు. కంటికి కనబడాలి, కేకకి అందాలి. రూలు రూలే!"

"నీ పెన్షన్ సంగతేంటి, బాబాయ్?" అంది ఆర్లీన్.

"నడవ్వే ముందు. మరీ అంత జోరుగా పోకు, నాకు కనబడాలి," అంటూ జేబులో మిగిలిన రొట్టె విరిచి సగం ఆమె చేతిలో పెట్టాడు.